తవుడుకు కొన్న ప్రెసిడెంటు

వేములదిబ్బ పంచాయతీ ప్రెసిడెంటు హజరత్తయ్యకు ఊరంతా తన కాలికింద ఉందని గట్టి నమ్మకం. నిజానికి ఆయన కాలికింద ఉన్నది ఒక చెక్కపీట మాత్రమే. నెల్లూరు నుంచి తెప్పించుకున్న పెద్ద కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు అందక, వడ్లవాడి చేత ప్రత్యేకంగా చేయించుకున్నాడు. పంచాయతీలూ సమితులూ కొత్తగా వచ్చిన రోజులవి. పోటీ చేసే ధైర్యం ఎవరికీ లేక ఏకగ్రీవంగా నెగ్గాడు. పంచాయతీ ఆఫీసు అంటే ఆయన ఇంటి వసారానే. బోర్డు ఒకటి కొత్తది, మిగతా దర్పమంతా పాతదే.

ఆ వసారాలోనే గొడవ మొదలైంది. సమితి ఆఫీసర్లు వచ్చి రెండు రోజులు మకాం వేస్తారని కబురొస్తే, వాళ్ళకు పరుపులు చేయడానికి దూదేకుల నాగూర్‌ను పిలిపించారు. వసారా చివర చాప పరుచుకుని నాగూర్ విల్లు నరం మీద కొయ్యతో కొడుతూ దూది ఏకుతున్నాడు. పక్కనే అతని తల్లి జమాల్‌బీ పెద్ద దబ్బనంతో పరుపు గలీబు కుడుతోంది. అరవై దాటిన మనిషి. దబ్బనం ఎంత పదునో నోరూ అంత పదును. ఊళ్ళో ఆ నోటికి జడవని వాళ్ళు తక్కువ, ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసి కాస్త మురిసిపోయేది కూడా.

గాలి అటు మళ్ళి ఒక దూదిపోగు ఎగిరి వచ్చి ప్రెసిడెంటు కాఫీ గ్లాసులో పడింది.

"కళ్ళు కనపడటం లేదంట్రా తురక నాయాలా?" అన్నాడు హజరత్తయ్య.

నాగూర్ ఆ మాట పుట్టినప్పటినుంచి వింటున్నాడు. వాళ్ళ నాన్నా విన్నాడు. చెవికి కాయ కాచిపోయిన మాట. ఆ పూట అతనికి ఏమొచ్చిందో గాని కొయ్య పక్కన పెట్టి, మెల్లగా అన్నాడు.

"అది కాదన్నా. మా కసుమూరు హజరత్తు పేరు పెట్టుకోని మీరే మమ్మల్ని తురకోళ్ళని తిడతా ఉంటే, ఆ స్వామికి యాడ కోపమొస్తాదో అని భయంగా ఉండాది."

మాట అక్కడితో ఆగిపోయినా సర్దుకునేదే. కాని రికార్డులు ముందు పెట్టుకుని కూర్చున్న కరణం పద్మనాభయ్యకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వితే తలారి నవ్వాడు. తలారి నవ్వితే పాలు పోయడానికి వచ్చినవాడూ నవ్వాడు. హజరత్తయ్య ముఖం కందగడ్డయింది. తురకవాడు ఎదురు మాట్లాడితే ఆయన ఒక చెంపదెబ్బతో పోనిచ్చేవాడేమో. తన ఇంటి వసారాలో తనను చూసి నలుగురు నవ్వితే మాత్రం ఎట్లా పోనిస్తాడు, కాళ్ళు నేలకు అందని మనిషి!

సాయంత్రానికి తీర్పు వచ్చింది. ఆదివారం పొద్దున ఊరందరి ముందు నాగూర్ ప్రెసిడెంటు కాళ్ళు పట్టుకోవాలి. పట్టుకుని, "నేను తురకోణ్ణి, బుద్ధిలేనోణ్ణి, నోరు జారినాను" అని మూడుసార్లు అనాలి. అనకపోతే ఈ ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ వాళ్ళను పిలిచి దూది చేతికిచ్చేవాడు ఉండడు.

నాగూర్ ఊరుకోలేదు. మర్నాడే బుచ్చిరెడ్డిపాలెం పోయి, అక్కడి సాయిబులకు పెద్ద, బట్టల కొట్టు చాంద్ బాషాను కలిశాడు. మన వాళ్ళని ఇట్లా అంటున్నారు, మీరొచ్చి ఒక మాట చెప్పండి అన్నాడు. చాంద్ బాషా అత్తరు రాసుకున్న గడ్డం దువ్వుకుంటూ అంతా విని, చివరకు అన్నాడట.

"మనవాళ్ళేందయ్యా? ఇంట్లో తెలుగు మాట్లాడతారు, నమాజు సరిగ్గా రాదు, దూదేకులోళ్ళు మీరు. మిమ్మల్ని తురకోళ్ళంటే మాకు రావాల కోపం!"

నాగూర్ ఆ మాట తెచ్చి తల్లి ముందు పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒకడు తురకోడా అని తిడతాడు, ఇంకొకడు ఆ తిట్టుకు కూడా నువ్వు తగవు పొమ్మంటాడు. చాంద్ బాషా అత్తరంతా పోసి కడిగినా ఆ మాట కంపు పోదని జమాల్‌బీ అనుకుంది.

"పట్టుకుంటాలేమా," అన్నాడు నాగూర్. "కాళ్ళే గదా. మెహబూబున్నీసాకు నెలలు నిండినాయి. ఇప్పుడు ఊరు వొదిలిపెట్టి యాడికి పోతాం?"

కోడలు పొయ్యి దగ్గర నుంచి తలెత్తలేదు. జమాల్‌బీ కొడుకు వైపు చూడలేకపోయింది. కాళ్ళు పట్టుకోవడం ఆమెకు అంత బాధ అనిపించలేదు. ఆ మాట తన కొడుకు తన నోటితోనే, మూడుసార్లు, రేపోమాపో పుట్టబోయే బిడ్డకు తండ్రి కావలసినవాడు, అందరూ చూస్తుండగా అనాలి. బాధంతా అదే. ఆ పిల్లో పిల్లాడో పెరిగినన్నాళ్ళూ ఊరు ఆ మాటను మరిచిపోనివ్వదు.

అప్పుడు గుర్తొచ్చింది తవుడు.

హజరత్తయ్య తల్లి వెంకటశేషమ్మకు మొదట ముగ్గురు పుట్టి ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోసారి కసుమూరు దర్గాకు మొక్కుకున్నారు. ఆ మొక్కుకే హజరత్తయ్య అని పేరు పెట్టారు. అంతటితో ధైర్యం చాలక, పుట్టిన పదకొండో రోజున బిడ్డను అమ్మేశారు. పిల్లలు దక్కని ఇళ్ళల్లో అది మామూలే. చేటలో తవుడు పోసి, దానిమీద బిడ్డను పడుకోబెట్టి, వేరే కులం ఆడమనిషిని పిలుస్తారు. ఆమె గుప్పెడు తవుడు ధరగా ఇచ్చి బిడ్డను కొనుక్కుంటుంది. కొన్నాక, "నా బిడ్డను నువ్వు పెంచమ్మా" అని కన్నతల్లి ఒళ్ళోనే పెడుతుంది. బిడ్డ ఆ ఇంటిది కాదు కాబట్టి మృత్యువు ఆ గుమ్మం తొక్కదని లెక్క. పెళ్ళికి ముందు మళ్ళీ తవుడూ కొత్తచీరా ఇచ్చి, కొన్నదాని దగ్గర నుంచి బిడ్డను తిరిగి కొనుక్కోవాలి.

అప్పుడు కొన్నది జమాల్‌బీ. కొత్తగా కాపురానికి వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్ల. వెంకటశేషమ్మ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది కూడా. తర్వాత ఆ ఇంటికి పొలాలు కలిశాయి, మేడ లేచింది. హజరత్తయ్య పెళ్ళినాటికి పందిట్లోకి తురకదాన్ని రానివ్వడమేమిటని ఇంటాయన కసిరాడు. తిరిగి కొనే తంతు ఎగ్గొట్టి, అయిపోయిందని పురోహితుడికి అబద్ధం చెప్పారు. జమాల్‌బీ కొత్తచీర పోయిందని నాలుగు రోజులు గొణిగి ఊరుకుంది. అంటే, ఆ ఇంటి ఆచారం ప్రకారమే ప్రెసిడెంటు హజరత్తయ్య ఇవాళ్టికీ జమాల్‌బీ కొడుకు.

ఆమెకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. తర్వాత దిగులేసింది. సాక్ష్యం ఎవరు? ఆనాటి మంత్రసాని పోయింది. ఆమె కూతురు ఎస్తేరమ్మ, అప్పటికి పన్నెండేళ్ళది, తల్లితో వచ్చి చేట పట్టుకుంది. ఇప్పుడు ఆ ఊరి పురుళ్ళన్నీ ఎస్తేరమ్మ చేతిమీదే.

జమాల్‌బీ మాలపల్లెకు పోయేసరికి ఎస్తేరమ్మ ఇంటిముందు బియ్యం చెరుగుతోంది. వీధి చివర నుంచే జమాల్‌బీ ఎప్పటిలాగే కేకేసింది.

"ఏమ్మే మాలదానా, ఇంట్లో ఉండావా?"

ఎస్తేరమ్మ చెరగడం ఆపలేదు. జమాల్‌బీ పోయి కూర్చుని జరిగిందంతా చెప్పింది, తురక నాయాలా అన్నాడని చెప్పేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎస్తేరమ్మ నూకలు ఒక పక్కకు, బియ్యం ఒక పక్కకు చేసి, అప్పుడు మాట్లాడింది.

"తురకోణ్ణి తురకోడంటే ఏడుపొచ్చిందా బూబమ్మా? మాలదాన్ని మాలదంటే రాదేమో."

"అయ్యో, అది తిట్టా ఏంది? పిలుపు గదా. మా అత్తా అట్నే పిలిచేది మీ యమ్మని."

"ప్రెసిడెంటుని అడిగి చూడు. ఆయనా ఇదే మాట చెప్తాడు."

జమాల్‌బీ చేటలోని రాళ్ళు ఏరుతున్నట్టు తల వంచుకుంది. ఎస్తేరమ్మ చేట దులిపి పక్కన పెట్టింది.

"నేనొచ్చి చెప్తా. రేపట్నించి ఆ మేడలో పురుడొస్తే నన్ను పిలవరు. అయినా చెప్తా. నాకు చీర వొద్దు, బియ్యం వొద్దు. ఆ మాట ఇంక నీ నోట రాకూడదు. మేము చర్చిలో పేరు పెట్టించుకున్నాం, పిలిపించుకుందామని."

కసుమూరు మస్తాను సామి మీద ఒట్టేసింది జమాల్‌బీ. మనస్ఫూర్తిగానే వేసింది. అవసరం ఉన్నప్పుడు ఎవరి ఒట్టయినా మనస్ఫూర్తిగానే ఉంటుంది.

ఆదివారం ఎండెక్కేసరికి వసారా ముందు ఊరంతా చేరింది. ఇట్లాంటి వేడుకకు రానివాళ్ళు ఎవరుంటారు? నాట్లకు మనుషులు దొరకడం లేదని మొత్తుకునే రైతులు కూడా పనులు మానుకుని వచ్చి ముందు వరసలో నిలబడ్డారు. హజరత్తయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, పీట మీద కాళ్ళు చక్కగా కలిపి పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్ళకు కొబ్బరినూనె కూడా రాయించుకున్నట్టున్నాడు, మెరుస్తున్నాయి. నాగూర్ తల వంచుకుని ముందుకు వచ్చాడు.

జమాల్‌బీ కొడుకు భుజం పట్టుకుని ఆపింది.

"ఉండు నాయనా. పట్టుకుందువులే. తమ్ముడు అన్న కాళ్ళు పట్టుకుంటే తప్పేముండాది?"

"ఏంది వాగతా ఉండావు?" అన్నాడు ప్రెసిడెంటు.

"వాగేదేముంది సామీ. గుప్పెడు తవుడు పోసి కొనుక్కున్నా నిన్ను. నువ్వు నా పెద్దకొడుకువి, ఈడు నా చిన్నకొడుకు. నువ్వు తురక నాయాలా అన్నావే, ఆ లెక్కన నువ్వేమవుతావో ఒక తూరి ఆలోచించుకో."

జనంలో గుసగుసలు లేచాయి. పెద్దవాళ్ళలో కొందరు తలలు ఊపారు. హజరత్తయ్య ముసలిదానికి మతి పోయిందని అరిచాడు. పద్మనాభయ్య మాత్రం కళ్ళజోడు సవరించుకుని, సాక్ష్యం ఏదన్నా ఉందా అని అడిగాడు. పాపం, ఆయనకు న్యాయం మీద కంటే వినోదం మీద మక్కువ ఎక్కువ.

జనానికి దూరంగా, ఎండలో నిలబడిన ఎస్తేరమ్మ చేట పైకెత్తి చూపించింది.

"నేను చూసినానయ్యా. చేట నా చేతిలోనే ఉండింది. తవుడు ముక్కులోకి పోయి అయ్య తుమ్మినాడు. అపశకునమని పెద్దమ్మగారు బెదిరిపోయి ఇంకో గుప్పెడు పోయమన్నారు. బూబమ్మ రెండు గుప్పిళ్ళు పోసింది."

జనం ఘొల్లుమన్నారు. "మాలదాని సాక్ష్యమా నా ఇంటిముందర?" అంటూ హజరత్తయ్య పీట తన్నేశాడు. అదే సమయానికి తలుపు తెరుచుకుని వెంకటశేషమ్మ గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి, లోపల అంతా వింటూనే ఉంది.

"నిజమేరా," అంది. "పెండ్లికి ముందర నిన్ను తిరిగి కొనాల్సింది. మీ నాయన వొద్దన్నాడు. తప్పు చేసినామురా."

హజరత్తయ్య పెద్దరికం తెచ్చిపెట్టుకుని నవ్వాడు. "ఓస్, ఇంతేనా! బస్తా తవుడు తెచ్చి దాని మొహాన కొట్టండి. ఇప్పుడే కొనేస్తే పోతాది."

"నేను అమ్మను," అంది జమాల్‌బీ.

"మరేం చేస్తావు?"

"వొదిలేస్తా. కొడుకని కొనుక్కుంటే తల్లినే తురకదానా అనే బిడ్డ నా ఇంటికి వొద్దు. ఊరికే వొదిలేసి పోతా. నేను వొదిలేసినాక ఎవురి పాలవుతాడో మీ యమ్మనడుగు."

అడగనక్కరలేదు, అక్కడ ఉన్న అందరికీ తెలుసు. కన్నవాళ్ళు అమ్మేసి, కొన్నది వదిలేస్తే ఆ బిడ్డకు ఇల్లు లేనట్టు. ముందు ముగ్గుర్ని పట్టుకుపోయింది వచ్చి పట్టుకుపోతుంది. వెంకటశేషమ్మ గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. హజరత్తయ్య ఇంకా నవ్వబోయాడు గాని, చెయ్యి తనంతట తానే చొక్కాలోకి పోయి తాయెత్తు తడిమింది. దర్గా తాయెత్తే అది. నెల కిందట గ్యాసుకు ఛాతీ పట్టేస్తే ఇంట్లో వాళ్ళందరినీ ఏడిపించి మరీ కట్టించుకున్నాడు. సాయిబుల తాయెత్తు మెళ్ళోకి కావాలి, సాయిబు మాత్రం కాలికింద ఉండాలి. ఎదుట జమాల్‌బీ కొంగు దులుపుకుని వెనక్కి తిరిగేసరికి, ఇస్త్రీ చొక్కా వీపున తడిసిపోయింది.

"ఉండు," అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. "ఉండమ్మా."

"వినపడలేదు. ఊరంతా వినాల గదా. తీర్పు ఊరి ముందరే గదా పెట్టుకున్నావు?"

"అమ్మా!" అన్నాడు గట్టిగా. "తవుడు తీసుకో. తప్పయింది."

"నాతో కాదు, నీ తమ్ముడితో చెప్పు."

హజరత్తయ్య కుర్చీ దిగాడు. పీట లేకపోవడంతో దిగడంలో తూలి, పట్టుకోవడానికి నాగూర్ చెయ్యే దొరికింది. ఆ చెయ్యి పట్టుకునే, "తప్పయింది నాగూర్, ఇంకెప్పుడూ ఆ మాట అనను" అన్నాడు. నాగూర్ ఆయన్ను నిలబెట్టి, చెయ్యి విడిపించుకున్నాడు.

లోపలి నుంచి తవుడు వచ్చింది, కొత్తచీర వచ్చింది. ఎస్తేరమ్మ చేట పట్టింది. అందులోంచి జమాల్‌బీ రెండు గుప్పిళ్ళూ తీసి కొంగున కట్టుకుని ప్రెసిడెంటును కన్నతల్లికి అప్పజెప్పింది. ఊరు ఊరంతా ఆమె వైపే చూస్తోంది. అంతటి పూట ఆమె జన్మలో ఎరగదు. సంతోషం పట్టలేక హజరత్తయ్య గడ్డం పట్టుకుని ఊపుతూ అనేసింది.

"ఇంత పెద్దింట్లో పుట్టి, ఈ మాల బుద్ధులు యాడ నేర్చినావురా నాయనా!"

ఊరంతా ఒక్కసారిగా నవ్వింది. రైతులు నవ్వారు, పద్మనాభయ్య కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వింది హజరత్తయ్య. పోయిన పరువు ఆ నవ్వులో సగం తిరిగి వచ్చేసినట్టు నవ్వాడు. జమాల్‌బీ కూడా నవ్వుతూ చుట్టూ చూసి, ఎండలో చేట పట్టుకుని నిలబడిన ఎస్తేరమ్మను చూసి ఆగిపోయింది.

ఎస్తేరమ్మ చేటలో మిగిలిన తవుడు నేలమీద బోర్లించి, రెండుసార్లు తట్టి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

జమాల్‌బీ ఆ రోజు ఎస్తేరమ్మ దగ్గరికి పోలేదు, మర్నాడూ పోలేదు. నోరు జారడం ఎవరికి ఉండదు, అది మనసులో మాటా, ఆమె మాత్రం అంత పట్టింపు పెట్టుకోవాలా అని ఇంట్లో తనకు తానే చెప్పుకుంటూ తిరిగింది. ఆ సర్దుబాటు మాటలు ఎక్కడో విన్నట్టే ఉన్నాయి గాని, ఎక్కడ విన్నదో గుర్తుచేసుకోవడానికి ఇష్టపడలేదు.

బుధవారం పొద్దున మెహబూబున్నీసాకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందేమోనని అనుమానం. ఇంక చేసేది లేక కొత్తచీర చంకలో పెట్టుకుని మాలపల్లెకు పరుగెత్తింది జమాల్‌బీ. ఎస్తేరమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. జమాల్‌బీ చీర ముందు పెట్టి, వంగి కాళ్ళు పట్టుకోబోయింది.

ఎస్తేరమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"కాళ్ళొద్దు. అది ఆ మేడలోళ్ళ సరదా. చీర కూడా తీసుకోనిపో. నేనొస్తా, బిడ్డ నన్నేమన్నాది? రోడ్డు మీదికి పోయి, ఆ టీ కొట్టుకాడ నిలబడి, పేరుపెట్టి పిలువు. నవ్వినోళ్ళంతా ఆడనే ఉంటారు ఈ పొద్దుటేళ."

జమాల్‌బీ రోడ్డు మీదికి వచ్చింది. టీ కొట్టు బల్లల మీద ఆదివారం ముందు వరసలో నిలబడినవాళ్ళే గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. నడుమ హజరత్తయ్య. అందరూ ఆమె వైపు తిరిగారు. మొన్న ఇదే మనుషుల ముందు ప్రెసిడెంటును కుర్చీ దించిన నోరు అది. ఇప్పుడు తెరుచుకోవడానికి వెనకాడింది. నాలుగు అక్షరాల పేరు, అంతే గదా అనుకుంది. నాగూర్ నోట పెట్టబోయిన మాట ఎంత బరువుండేదో అప్పుడు తెలిసింది.

"ఎస్తేరమ్మా," అంది.

పల్లెలోంచి జవాబు వచ్చింది. "వినపడలేదు బూబమ్మా."

టీ కొట్టులో ఎవరో కిసుక్కుమన్నారు. "మాలదాన్ని బతిమాలతా ఉండాదిరా మా యమ్మ," అన్నాడు హజరత్తయ్య. అందరూ నవ్వారు. జమాల్‌బీ ఆ నవ్వు వైపు వీపు తిప్పి నిలబడింది.

"ఎస్తేరమ్మా! నా నోటికి తప్పయింది! రా తల్లీ!"

"ఇంకొక తూరి."

మూడోసారి ఆమె అరిచిన అరుపుకు గొంతు చీరుకుపోయింది. టీ కొట్టులో నవ్వు కూడా ఆగింది. అప్పుడు ఎస్తేరమ్మ లేచి, తలుపు దగ్గరగా వేసి, సంచి తీసుకుని రోడ్డెక్కింది. ఆమె ముందు నడిచింది. జమాల్‌బీ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వెనక నడిచింది.